షాకింగ్ బెంజమిన్ గారు

పి.గన్నవరం దగ్గర, గోదావరి మధ్యనున్న మా లంకలో ఏం జరిగినా బెంజమిన్ గారి యూట్యూబ్ ఛానల్లో వచ్చేస్తుంది. పూర్వం ఆయన పెళ్లి వీడియోలు తీసేవారు. సెల్‌ఫోన్లు వచ్చి ఆ పని పోయింది. దాంతో ఆయనా సెల్‌ఫోనే పట్టుకున్నారు. మనిషి మంచివాడే. ఉన్న జబ్బల్లా ఒక్కటే, ప్రతి వార్త మీదా ఎర్రక్షరాలతో 'షాకింగ్' అని పెట్టడం.

రావులపాలెంలో అరటిగెల ధర తగ్గితే షాకింగ్. పెరిగితే మరీ షాకింగ్. పాస్టరు గారికి జ్వరం తగ్గిందని కూడా అలాగే పెట్టారు. తగ్గదనుకున్నారా ఏం అని పాస్టరమ్మ గారు నొచ్చుకున్నారు.

"అసలు ఆ మాటకర్థం తెలుసాండీ?" అనేది ఎలీసమ్మ. ఆయన భార్య, స్కూలు టీచరు.

"గుండె గుభేల్మనేదని. ఆమాత్రం తెలీదా?"

"కొబ్బరికాయల రేటుకి ఎవరి గుండె గుభేల్మందండీ?"

"అది లేకపోతే ఎవరూ నొక్కరు ఎలీసమ్మా."

"ఉన్నా నొక్కట్లేదు కదండీ."

నిజమే. ఎర్రక్షరాలు కనబడగానే మా వేళ్లు వాటంతటవే పక్కకు తోసేస్తాయి.

మొన్న వానాకాలంలో గోదావరి పెరిగింది. లంక నుంచి ఒడ్డుకి చేరడానికి ఏటిలో వేసిన పల్లపు రోడ్డు, ఆ కాజ్‌వే ఒక్కటే దారి. రేపటిదాకా మునగదులే అని అందరం గేదెలతో సహా ధీమాగా కూర్చున్నాం. మధ్యాహ్నం ఆయన వీడియో వచ్చింది. ఎర్రక్షరాలు లేవు, వెనకాల ఎప్పుడూ ఉండే డప్పుల మోత లేదు.

"కాజ్‌వే మీదకి నీళ్లెక్కుతున్నాయండీ. ఇప్పుడే దాటెయ్యండి. నేనిక్కడే నిలబడున్నానండీ."

ఆ గొంతు వింటే నాకు భయమేసింది. పక్కింటి అప్పన్న ఫోనును రెండుసార్లు చూసి అరుగు దిగాడు.

"షాకింగని లేదండీ. నిజవేనండి ఇది. గేదెల్ని విప్పండి."

"ఆయ్," అంటూ వీధి వీధంతా కదిలింది. చీకటి పడేసరికి కాజ్‌వే కనబడలేదు. అప్పటికే అందరం ఒడ్డుకి చేరిపోయాం, లంకలో ఒక్క దూడ కూడా మిగల్లేదు.

ఆ రాత్రి ఒడ్డున స్కూల్లో పులిహోర పొట్లాలు విప్పుకుంటూ అందరం ఆయన్నే మెచ్చుకున్నాం. మనం నమ్మాలని కావాలనే ఆ మాట పెట్టలేదు, ఎంత తెలివండీ అన్నాం. ఆయన కాదనలేదు. ఎలీసమ్మ మాత్రం ఊరుకోలేదు.

"నిజంగా కావాలనే తీసేసేరా?"

ఆయన పొట్లంలోకి చూస్తూ చెప్పారు.

"లేదే. నీళ్లు చూసేసరికి గుండె గుభేల్మంది. ఆ మాట గుర్తుకే రాలేదు."