జెమెలి పరుగెత్తిన మధ్యాహ్నం

కొండ అంచున ఉన్న ఇటెన్ ఊరి నుంచి పరుగు పందేలకు వెళ్ళే ఆడపిల్లలంతా ప్రయాణానికి ముందు సలోమె జెబివొట్ కొట్టుకు వస్తారు. బజారు వెనక, మందుల షాపుకు ఆనుకుని, నీలం రేకు తలుపున్న ఒక్క గది. రెండు కుర్చీలు, గోడవారగా ఒక బల్ల, మూలన టీవీ. తలకు అంటుకుపోయేలా సన్నగా, గట్టిగా అల్లుతుంది సలోమె. ఆమె అల్లిన జడ ఆఖరి చుట్టు దాకా కదలదని పేరు.

చిన్నప్పుడు తనూ పరుగెత్తింది. కింద కెరియో లోయలోని పల్లె నుంచి కొండమీది బడికి పొద్దున్నే ఎక్కి, సాయంత్రం దిగేది. జిల్లా పోటీల్లో ఒకసారి మొదటొచ్చింది. ఆ తర్వాత మోకాలు చెడింది. చెడిన మోకాలిని ఏ శిక్షణ క్యాంపువాళ్ళూ తీసుకోరు కాబట్టి ఎల్డొరెట్ వెళ్ళి జడలల్లడం నేర్చుకుంది. పెళ్ళి చేసుకోమని ఇంటివాళ్ళు కొన్నాళ్ళు వెంటపడి, వాళ్ళే అలిసిపోయారు. "ఊళ్ళో సగం తలలు నా చేతికిందే ఉన్నాయి, ఇంటికెళ్ళాక ఇంకో తల దేనికి" అని నవ్వేసేది.

ఆ ఏడు ప్రపంచ పోటీలకు, పదివేల మీటర్ల పరుగుకు ఎంపికైన వాళ్ళలో జెమెలి ఒకతె. ఎప్పుడూ ఒంటరిగా వచ్చే మనిషి ఈసారి మొగుణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. మొగుడు ఎల్కానాయే ఆమెకు కోచ్ కూడా. బళ్ళో చదువుకునే రోజుల్లో ఆమెకు మొదటి బూట్లు కొనిచ్చింది అతనే. ఊళ్ళో అతనంటే మంచి పేరు. గొంతు పెంచడు. ఆదివారం చర్చిలో కుర్చీలు సర్దుతాడు, ముసలాళ్ళకు చెయ్యందిస్తాడు. ఆ రోజు బల్లమీద కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుని, అద్దంలోకి చూస్తూ ఉన్నాడు.

సలోమె పాయలు తీస్తోంది. కుడి చెవికి కొంచెం పైన, వెంట్రుకలు మొలవని ఒక గీత వేలికి తగిలింది. ఈమధ్యే మానిన గాయం. పక్కనే ఇంకోటి, పాతది. సలోమె చేతులు ఆగాయి. అద్దంలో జెమెలి కళ్ళు ఆమెను చూసి, బల్లవైపు పోయి, ఒళ్ళోకి వాలిపోయాయి.

"ఏమైందక్కా, ఆగిపోయావు?" అన్నాడు ఎల్కానా.

"చిక్కు పడింది కోచ్."

"అలమర తలుపు తగిలింది తనకి. మైదానంలో తప్ప ఇంకెక్కడా కళ్ళు కనబడవు మా ఆవిడకి."

జెమెలి నవ్వింది. అతను ఎప్పుడు ఆపితే అప్పుడు ఆగిపోయే నవ్వు.

కాసేపటికి అతని ఫోను మోగింది. గదిలో సరిగా వినబడక గుమ్మం దాటాడు. జెమెలి పెదాలు కదపకుండా మాట్లాడింది.

"అక్కా, తిరిగొచ్చాక ఆ ఇంటికి వెళ్ళను. పాప చెబెట్‌ని మా అమ్మ దగ్గర దింపాను. సెలవుల్లో కూడా బడి హాస్టల్లోనే ఉందనుకుంటున్నాడు."

"ఇంకెవరికి తెలుసు?"

"నీకే. పిల్ల అతని చేతికి చిక్కితే మాత్రం నేను మళ్ళీ..."

గుమ్మంలో నీడ పడింది. జెమెలి జడ బిగువు గురించి ఏదో అంది. సలోమె అల్లడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆ తల అల్లడానికి చాలాసేపు పట్టింది.

పోటీలు జరిగేది తూర్పున ఎక్కడో. అక్కడ చీకటి పడే వేళకి ఇక్కడ మధ్యాహ్నం. పరుగు రోజున బజారంతా ఎదురుగా ఉన్న హోటలు పెద్ద టీవీ ముందు చేరింది. సలోమె కొట్టులో మాత్రం లిడియా అనే టీచరమ్మ ఒక్కతే ఉంది, సగం తల అల్లించుకుని.

అప్పుడు ఎల్కానా లోపలికి వచ్చాడు. జట్టుతో వెళ్ళే కోచ్‌ల్లో అతన్ని తీసుకోలేదు. మెడలో మాత్రం స్టాప్‌వాచ్ వేలాడుతోంది.

"అక్కడ గోల ఎక్కువగా ఉందక్కా. ఇక్కడ కూర్చుంటాను."

"కూర్చోండి కోచ్."

"పని ఆపకు. నా కోసం ఆపొద్దు."

టీవీలో తుపాకీ పేలింది. ఆడపిల్లలు గుంపుగా కదిలారు. ఎల్కానా వాచీ నొక్కాడు. మొదటి చుట్లన్నీ నింపాదిగా గడిచాయి. జెమెలి గుంపు మధ్యలో, లోపలి అంచుకి దగ్గరగా పరుగెత్తుతోంది.

"బాగుంది," అన్నాడు. "ఆఖరి చుట్టు గంట కొట్టేదాకా అక్కడే ఉండాలి. అలాగే చెప్పాను." కాసేపాగి, అదే గొంతుతో, "పోయినసారి ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు మా ఆవిడ నీతో ఏమందక్కా?" అన్నాడు.

"జడ బిగువైందంది."

"అంతేనా?"

"మీరు ఇక్కడే ఉన్నారుగా కోచ్."

"కాసేపు బయటికెళ్ళాను," అన్నాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

లిడియా కుర్చీలో అసౌకర్యంగా కదిలింది. సలోమె ఆమె తలను మెల్లగా నిటారుగా తిప్పింది.

పరుగు సగం దాటింది. ఏమనుకుందో, జెమెలి గుంపులోంచి బయటికి వచ్చి ముందుకు సాగింది. ఎదుటి హోటల్లోంచి ఒక్కసారిగా కేక లేచింది. ఆమె తల ఊగడం లేదు, భుజాలు వదులుగా ఉన్నాయి. ఇథియోపియా పిల్ల ఒక్కతే ఆమె వెంట వస్తోంది. మిగతావాళ్ళు వెనకబడుతున్నారు.

ఎల్కానా వాచీని నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. "ఎవరు చెప్పారు దానికి?" అన్నాడు. ఆ తర్వాత చుట్టు చుట్టుకీ అతను ఇంకా నిశ్శబ్దమైపోయాడు. ముందు కాలాడించడం ఆపాడు. ఆ తర్వాత రెప్ప వెయ్యడం కూడా ఆపినట్టు అనిపించింది సలోమెకి. ఊరంతా గెలుపు కోసం అరుస్తుంటే, ఈ పరుగు అసలు అయిపోకుండా ఉంటే బాగుండునని ఆమె కోరుకుంది. అక్కడ ఉన్నంతసేపూ జెమెలిని ఎవరూ ముట్టుకోలేరు.

గంట మోగింది. ఆఖరి మలుపు దాటాక ఇథియోపియా పిల్ల పక్కకి వచ్చి, ముగింపు గీతకి ముందు జెమెలిని దాటింది. జెమెలి రెండోది. వెండి పతకం. నేలమీద పడిపోయి, లేచి, జెండా కప్పుకుంది.

"చూశావా," అన్నాడు ఎల్కానా. "నా మాట వినుంటే బంగారం వచ్చేది."

ఇంకాసేపటికి ఒక విలేకరి ఆమె ముందు మైకు పెట్టాడు. ఇంటివాళ్ళకి ఏమైనా చెబుతారా అని స్వాహిలీలో అడిగాడు. జెమెలి ఇంకా ఆయాసపడుతోంది. మొహం నిండా నవ్వు. సలోమె ఆమె అలా నవ్వగా ఎప్పుడూ చూడలేదు.

"మా అమ్మకి... చెబెట్‌కి. చెబెట్, అమ్మమ్మ ఇంట్లో అల్లరి చెయ్యకు. అమ్మ వచ్చేస్తోంది."

అనేశాక ఆ నవ్వు అక్కడే నిలిచిపోయింది. కళ్ళు మాత్రం మారాయి. విలేకరి ఇంకేదో అడుగుతున్నాడు. ఆమె వినడం లేదు.

"అమ్మమ్మ ఇంట్లో," అన్నాడు ఎల్కానా మెల్లగా. వాచీ మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. "చూడక్కా, ఎంత సులువో. పిల్ల నా ఇంట్లో ఉంటే తను ఇంకెక్కడికి పోతుంది? నువ్వే చెప్పు."

అతను లేచాడు. గుమ్మం దాటేలోపే హోటల్లోని జనం ముంచుకొచ్చారు. "కోచ్, కోచ్" అంటూ ఎత్తుకున్నారు. ఎవరో ముర్సిక్ సొరబుర్ర తెచ్చి, బొగ్గుపొడి కలిపిన ఆ పుల్లటి పాలు తాగమని నోటికి అందించారు. చర్చి పెద్దలు చెయ్యి పట్టుకుని వదలడం లేదు. ఎల్కానా అందరికీ నవ్వుతూ జవాబిస్తున్నాడు. జనం తలల మీదుగా మాత్రం సలోమెని చూస్తున్నాడు.

సలోమె ఫోను తీసి జెమెలి తల్లికి చేసింది. ఫోను ఆపేసి ఉంది. నడుముకి కట్టుకున్న పనిగుడ్డ విప్పింది.

"మరి నా తల?" అంది లిడియా.

"అల్లినంత చాలు, కొట్టు చూసుకో. అతను అడిగితే నూనె కొనడానికెళ్ళానని చెప్పు."

వెనక సందులో బాడుగ మోటారుసైకిల్ మీద కునుకుతున్న మనిషిని లేపి, వెనక ఎక్కింది. కొండ అంచు నుంచి లోయలోకి దిగే రోడ్డు మలుపులు మలుపులుగా పోతుంది. ప్రతి మలుపు దగ్గరా వెనక్కి చూసింది. దారి పొడుగునా జనం బయటికి వచ్చి ఆకుల కొమ్మలు ఊపుతున్నారు. వీళ్ళంతా అతని కారునీ ఆపుతారు, చెయ్యి కలుపుతారు, మాట్లాడిస్తారు. ఊళ్ళో అతనికున్న మంచి పేరు ఎప్పుడైనా తనకి పనికొచ్చిందీ అంటే ఇప్పుడేననుకుంది.

సలోమె పుట్టిన పల్లెలోనే జెమెలి తల్లి ఇల్లు. దాని ముందు ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. చెబెట్ వాళ్ళ మధ్య గెంతుతోంది. ముసలమ్మని సలోమె ఇంటి వెనక్కి తీసుకెళ్ళి సంగతి చెప్పింది.

"వాడు దాని తండ్రి," అంది ముసలమ్మ. "తండ్రికి కనబడకుండా పిల్లని దాచానంటే ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను? నాకు బట్టలు కొనే మనిషి, చక్కెర తెచ్చే మనిషి."

"పెద్దమ్మా, మీ అమ్మాయి తల ఎప్పుడైనా చూశావా?"

"ఎందుకు చూడను?"

"జడలు విప్పాక చూశావా?"

సలోమె ముసలమ్మ చెయ్యి పట్టుకుని తన కుడి చెవిపైన పెట్టుకుంది. "ఇక్కడొకటి. పక్కన పాతది ఇంకొకటి. మానినవే నాకు తెలుసు."

ముసలమ్మ ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంచింది. తర్వాత లోపలికెళ్ళి పిల్లకి బడి స్వెట్టరు తొడిగి తెచ్చింది.

రోడ్డు మీద పోతే ఎదురుపడతాడు. అందుకని సలోమె మోటారుసైకిల్‌ని పంపేసి, తను చిన్నప్పుడు ఎక్కిన బడిదారి పట్టింది. నిలువు దారి. తుమ్మచెట్లు, రాళ్ళు. మోకాలు మొదట్లోనే మూలగడం మొదలుపెట్టింది. చెబెట్ మేకపిల్లలా ముందు పోతోంది.

సగం ఎక్కాక పిల్ల ఆగింది. "నాన్న కారు," అంది.

కింద రోడ్డు మీద తెల్ల కారు మలుపులు తిరుగుతూ దిగుతోంది.

"పిలవనా?"

"వద్దు. మనం పైకెక్కేదాకా ఎవరికీ కనబడకూడదు. పందెం."

"అయితే నువ్వే ఓడిపోతావు. నీ కాలు కుంటుతోంది."

సలోమె పిల్ల ఎర్ర స్వెట్టరు తీసి తన గౌనులోకి దోపుకుంది. అప్పుడే కారు మలుపులో ఆగింది. ఎల్కానా దిగి, తలుపు తెరిచే ఉంచి, కొండవైపు తిరిగి నిలబడ్డాడు. ఇద్దరూ ఒక బండ వెనక ఒదిగిపోయారు. పిల్ల ఆట అనుకుని నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటోంది. దాని గుండె సలోమె అరచేతికి తగులుతోంది. కింద ఆ మనిషి కదలలేదు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, గట్టునంతా కొస నుంచి కొస దాకా చూశాడు. చూడటంలో తొందర ఏమీ లేదు. తర్వాత కారెక్కి కిందికి పోయాడు.

పైన మిషను ఆసుపత్రి నడిపే కన్యాస్త్రీల ఇల్లుంది. సిస్టర్ అగాత తలుపు తీసి, పిల్లనీ, సలోమె వాచిన మోకాలినీ చూసి, ఏమీ అడక్కుండా ఇద్దరినీ లోపలికి లాక్కుంది.

ముసలమ్మ తర్వాత చెప్పింది. ఎల్కానా వచ్చి కూర్చుని టీ తాగాడట. పిల్లేదని ఒక్కసారే అడిగాడట. ఆడుకోవడానికి పోయిందంటే, సరే వస్తుందిలే అని, పొద్దుగూకే దాకా అదే ముక్కాలిపీట మీద కూర్చున్నాడట. పోతూ పోతూ తెచ్చిన చక్కెర పొట్లం గుమ్మంలో పెట్టి, "పాపం, నీకు వయసైపోయింది, పిల్లలు ఎక్కడికి పోతారో చూసుకోలేవు" అన్నాడట.

"తిట్టాడా?" అంది సలోమె.

"తిడితే బాగుండేదే," అంది ముసలమ్మ.

జట్టు తిరిగొచ్చిన రోజు ఎల్డొరెట్ విమానాశ్రయం బయట డప్పులూ, ముర్సిక్ బుర్రలూ పట్టుకుని జనం చేరారు. ఎల్కానా సూటు వేసుకుని అందరికన్నా ముందు నిలబడ్డాడు. జట్టులో అందరూ దిగారు. జెమెలి దిగలేదు. సిస్టర్ అగాత ముందే కబురు పంపడంతో నైరోబీలోనే ఆగిపోయింది. రెండు రోజుల ముందే చెబెట్‌ని అక్కడికి చేర్చారు. ఫోనులో జెమెలి ఏడుస్తూ, "నా నోటితో నేనే చెప్పేశాను అక్కా," అంది.

"సంతోషంలో అన్నావు. దాన్ని తప్పనకు. పిల్ల తిందా?"

"తింది. నీతో పందెంలో గెలిచానని ఒకటే చెబుతోంది."

ఇప్పుడు జెమెలి నైరోబీ పక్కన న్‌గాంగ్ కొండల దగ్గర ఒక క్యాంపులో ఉంటోంది. ఇల్లు ఎక్కడో సలోమెకి కూడా చెప్పలేదు, సలోమె అడగలేదు. కోర్టులో వ్యవహారం నడుస్తోంది. ఊళ్ళో సగంమంది ఎల్కానాని చూసి జాలిపడతారు. పైకి తెచ్చిన వాణ్ణి వదిలేసి పోయిందంటారు. సలోమె కొట్టుకు వచ్చేవాళ్ళు కొందరు తగ్గారు. ఒక ఉదయం వచ్చేసరికి రేకు తలుపు తాళం విరిచి ఉంది. లోపల ఏదీ పోలేదు. కుర్చీలు రెండూ గోడవైపు తిప్పి ఉన్నాయి. ఆమె వాటిని మళ్ళీ అద్దం వైపు తిప్పుకుని పని మొదలుపెట్టింది.

పోయిన వారం ఎల్కానా ఒక పిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. బడి పూర్తిచేసిన పిల్ల, పొడుగు కాళ్ళు, కాళ్ళకి కొత్త బూట్లు.

"అక్కా, ఈమె పేరు జెరోనో. వచ్చే నెల జాతీయ పోటీలకు వెళ్తోంది. బాగా అల్లు."

"కూర్చో అమ్మా," అంది సలోమె. అతను బల్లవైపు నడిచాడు. "మీరు బయట ఉండండి కోచ్. ఇది ఆడవాళ్ళ కొట్టు."

"ఎప్పుడూ కూర్చునేవాణ్ణేగా."

"ఇప్పుడు కాదు."

అతను ఆమెను చూశాడు. చిరునవ్వు నవ్వి బయటికి వెళ్ళాడు. సలోమె వెళ్ళి తలుపు వేసింది. రేకు కింది సందులోంచి అతని బూట్లు కనబడుతూనే ఉన్నాయి. ఆమె రేడియో గట్టిగా పెట్టి, పిల్ల వెనక నిలబడి, చెవి దగ్గరికి వంగింది.

"మీ అమ్మ ఏ ఊళ్ళో ఉంటుంది జెరోనో? ఆమె ఫోను నంబరు నీకు నోటికొచ్చా?"

పిల్ల జవాబు చెప్పబోయి, ముందు తలుపు వైపు చూసింది.