మధ్యాహ్నపు ప్రసంగాల్లో మా అత్తగారు

మా అత్తగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఏలూరులో మా మ్యూజియం హాల్లో కుర్చీలు వేయిస్తున్నాను. ఫోన్లో మా ఆయన ఆ మాట చెప్పగానే, "సరిగ్గా చూశారా? డాక్టరుగారు వచ్చారా?" అని అడిగాను. "వచ్చారు, చూశారు," అన్నారాయన. ఆ తరవాతే నాకు ఏడుపొచ్చింది. ఎవరేం చెప్పినా ముందు ఒకసారి అనుమానించడం నాకు ఆవిడ దగ్గరే అబ్బింది.

మాది చిన్న కళా మ్యూజియం. చుట్టుపక్కల చిత్రకారుల బొమ్మలు, కొన్ని పాత శిల్పాలు ఉంటాయి. వారానికోసారి భోజనాల వేళ ఎవరైనా వచ్చి ఒక బొమ్మ గురించి కాసేపు మాట్లాడతారు. ఆఫీసుల వాళ్లు, కాలేజీ పిల్లలు క్యారేజీలు తెచ్చుకుని తింటూ వింటారు. ఆ ప్రసంగాలు ఏర్పాటు చేయడం నా పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి చెబితే, మా అత్తగారు కత్తిపీట ముందు నుంచి తలెత్తి నన్ను తేరిపార చూశారు.

"అన్నాలు తినే వేళ బొమ్మల గురించి మాట్లాడుకుంటారా? దానికి జీతం కూడానా?"

ఆ మరుసటి వారం హాల్లో చివరి వరుసలో ఆవిడ కూర్చుని ఉన్నారు. మా ఊరు పెదపాడు నుంచి ఒక్కరే ఆటోలో వచ్చారు. వస్తున్నట్టు నాకు చెప్పలేదు. నన్ను చూసి పలకరింపుగా నవ్వనూ లేదు. కాపలాకే వచ్చారనుకున్నాను. మా ఆఫీసులో ఒకాయన అప్పుడప్పుడు నన్ను స్కూటరు మీద బస్టాండు దాకా దింపేవారు. ఆ రోజు నుంచి నడిచి వెళ్లడం మొదలుపెట్టాను. ఇంట్లో ఆవిడ మామూలుగా మాట్లాడినా, ఆ మాటల వెనక ఇంకేదో ఉందేమోనని వెతుక్కునేదాన్ని.

ఆవిడ మాత్రం వారం తప్పకుండా వచ్చారు. ప్రసంగానికి ముందే బొమ్మ దగ్గరికెళ్లి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కింద రాసిన చీటీ చదివి, మళ్లీ బొమ్మ వంక చూసేవారు. ఆ రెండిటి మాటా కలుస్తోందో లేదో తేల్చుకుంటున్నట్టుండేది. ప్రసంగం అయ్యాక లేచి నిలబడి, ఎంతో మర్యాదగా ఒకటే ప్రశ్న అడిగేవారు.

"ఏవండీ, ఇది మీకెలా తెలుసండీ?"

చదివి తెలుసుకున్నామంటే, "రాసినాయన చూశాడాండీ?" అనేవారు. కొన్నాళ్లకి వక్తలే నాకు ఫోన్ చేసి, "ఈ వారం మీ అత్తగారు వస్తారాండీ?" అని వాకబు చేయడం మొదలుపెట్టారు. నేను సిగ్గుపడి ఇంట్లో ఆ మాట ఎత్తితే, "చెప్పేవాళ్లు మంచివాళ్లే అమ్మాయ్. అయినా ఓసారి చూసుకుంటే పోయేదేముంది?" అన్నారు.

అలా ఒకసారి కొల్లేటి బొమ్మ మీద ప్రసంగం పెట్టాం. కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో ఉండే పెద్దాయన ఆ బొమ్మ గీసి మాకు ఇచ్చారు. అందులో సరస్సు నీళ్లు ఇటిక రంగులో ఉంటాయి. వక్త ఆ ఎరుపు గురించి ఎంతో గొప్పగా మాట్లాడారు. మా అత్తగారు లేచారు.

"నేను పుట్టింది ముదినేపల్లి దగ్గరండీ. చిన్నప్పట్నుంచీ కొల్లేరు చూస్తున్నాను. ఇంత ఎర్రటి నీళ్లు అందులో నేనెప్పుడూ చూళ్లేదు. ఇది గోదారి వరదై ఉంటుందండీ."

హాలంతా గుసగుసలు. ఆ గుసగుసలు మా పైవాళ్ల దాకా వెళ్లాయి. సంగతి తేలేదాకా బొమ్మను గోడ మీద నుంచి దింపేయమన్నారు. ఆ పెద్దాయన నాకు ఫోన్ చేశారు. "అబద్ధం గీశానన్నారటండీ?" అని మాత్రం అడిగి పెట్టేశారు.

ఆ సాయంత్రం మొదటిసారి నేను ఆవిడ మీద గొంతు పెంచాను. "మీ అనుమానంతో ఒక పెద్దమనిషి పరువు పోయిందండీ."

ఆవిడ కోప్పడలేదు. "పద, చూసొద్దాం," అన్నారు.

వానలు గట్టిగా పడ్డ వారమది. చిత్రకారుడు మమ్మల్ని తన ఇంటి గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. తప్పు పట్టడానికి మమ్మల్నెవరో పంపారని ఆయన అనుమానం. చివరికి గొడుగు తీసుకుని, తమ్మిలేరు కొల్లేట్లో కలిసే వైపు గట్టు మీదికి తీసుకెళ్లారు. ఎగువ మెట్ట నుంచి వచ్చిన వరద నీరు ఎర్రగా, చిక్కగా సరస్సులోకి దిగుతోంది. ఆ మేర కొల్లేరంతా బొమ్మలో ఉన్న రంగే. మా అత్తగారు చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగారు. దోసిట్లోకి తీసుకుని చూసి, వేళ్ల సందుల్లోంచి జారనిచ్చారు.

"మా వైపుకి ఇది రాదండీ. నాకు తెలిసిందే కొల్లేరు అనుకున్నాను," అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, ఇక ఉండబట్టలేక అడిగేశాను. "అసలు మీరు మ్యూజియానికి ఎందుకు రావడం మొదలుపెట్టారండీ?"

"మన వీధిలో ఒకావిడ, మీ కోడలు ఉద్యోగం పేరు చెప్పి ఎక్కడికెళ్తోందో కనుక్కోండి అంది. నేను నమ్మలేదు. అలాగని కొట్టిపారేయనూ లేదు. వచ్చి చూశాను. చూశాక ఆవిడింటికెళ్లి, నా కోడలి ఉద్యోగం నేను కళ్లారా చూసొచ్చాను, ఇంకోసారి ఆ మాట అనకండని చెప్పాను."

"మరి ఆ తరవాత కూడా వచ్చారు కదా?"

"అప్పటికి ఆ మాట్లాడేవాళ్ల మీద అనుమానం పట్టుకుంది," అన్నారు, కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూ.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఇన్నాళ్లూ నేను ఆవిడ మీద పెట్టిన కాపలా ఆవిడకి తెలుసో లేదో, నేను అడగలేదు.

తరవాతి ప్రసంగం రోజు బొమ్మ మళ్లీ గోడెక్కింది. చిత్రకారుడు ముందు వరుసలో కూర్చున్నారు. మా అత్తగారు వక్త కంటే ముందు లేచి, "ఆవేళ నేనన్నది తప్పండీ. వెళ్లి చూసొచ్చాను. కొల్లేరు ఎర్రగానే ఉంది. వారిని నొప్పించాను, క్షమించాలి," అని చేతులు జోడించారు. ఆయన కంగారుగా లేచి నమస్కారం పెట్టారు. ఆవిడ కూర్చోబోయి ఆగి, "అయితే ఆ పడవ మాత్రం అంత పొడుగుండదండీ," అన్నారు. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

మా అత్తగారి పెద్దకర్మ నాడు ఆ చిత్రకారుడు మా ఇంటికొచ్చారు. దండ వేసిన ఫొటో ముందు చాలాసేపు నిలబడి, నా వైపు తిరిగి మెల్లగా అడిగారు.

"ఇది ఆవిడేనాండీ?"

"ఆవిడేనండీ. స్టూడియో వాళ్లు కాస్త దిద్దారు, ముఖం నవ్వుతున్నట్టుంటుందని."

ఆయన వసారాలో కూర్చుని, సంచిలోంచి కాగితం, పెన్సిలు తీశారు. వంటవాళ్ల హడావుడి, బంధువుల మాటల మధ్య తల వంచుకుని గీస్తూనే ఉన్నారు. వెళ్లేటప్పుడు ఆ కాగితం నా చేతిలో పెట్టారు. నుదుటి మీదికి తోసిన కళ్లజోడు, కాస్త చిట్లించిన ఎడమ కన్ను, అడగబోతూ అప్పుడే విచ్చుకున్న పెదవులు.