గుంటను పూడ్చిన వెలుగు

రిసీవర్ మూతకున్న రబ్బరు రింగును ఆమె వేలి కొసతో తడిమింది. ఒకచోట వెంట్రుకంత చీలిక తగిలింది. పాతది తీసేసి, కొత్తదానికి పలచగా గ్రీజు రాసి గాడిలో కూర్చోబెట్టింది. బోల్టులు ఎదురెదురువి జతగా బిగించి, లోపలి గాలి లాగే పంపు వేసింది.

ఆమె రేడియోలు బాగుచేసే కొట్లో పని నేర్చుకుని, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలు పట్టే ఈ చిన్న డిష్ దగ్గరికి వచ్చింది. అందరూ మెకానిక్ అంటారు. తమ్ముడు మాత్రం అక్కా అంటాడు, అదీ పనిబడినప్పుడు.

ఆ రోజు పనిబడింది. తమ్ముడు పక్క భవనంలో ఆకాశపటాలు తయారుచేస్తాడు. విశ్వం పసితనంలో బయలుదేరిన పలచని వెలుగు ఇప్పటికీ అన్ని దిక్కులా ఉంది. గెలాక్సీల గుంపులోని వేడి వాయువును దాటి వచ్చినచోట, వాళ్ల పెద్ద టెలిస్కోపుకు అది కాస్త తగ్గి కనిపిస్తుంది. దాన్ని గుంట అంటారు. గుంట ఎంత లోతైతే గుంపు అంత బరువు. ఒక గుంపు అన్నిటికన్నా బరువైనదని తమ్ముడు కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు. తీరా పటంలో అక్కడ గుంటే లేదు. సాయంత్రంలోగా తేల్చకపోతే, పటాల పని చూసే పెద్ద మేడమ్ ఆ గుంపును జాబితాలోంచి కొట్టేస్తారు.

"నడుమ ఏ గెలాక్సీయో రేడియో తరంగాలు చిమ్ముతుంటే గుంట పూడిపోతుంది కదరా."

"ఉందక్కా ఒకటి. పాత సర్వేలో దాని వెలుగెంతో చూసి, అంతా తీసేశా."

"పాతదా? అవి ఎప్పుడూ ఒక్కలా వెలుగుతాయా? చిన్నప్పటి కొలతలిచ్చి ఇప్పుడు చొక్కా కుట్టించుకుంటావా?"

"నీ డిష్ మూలనపడితే నన్నేం చెయ్యమంటావ్?"

చీలికలోంచి గాలి చొరబడితే రిసీవర్ బాగా చల్లబడదు, చల్లబడకపోతే కొలత తప్పుతుంది. రింగు మార్చింది అందుకే.

రిసీవర్ చల్లబడుతోంది. తమ్ముడు కూర్చోడు, నిలబడడు, కొలవమని ప్రాణం తీస్తున్నాడు. పోరు పడలేక డిష్‌ను ఆ గెలాక్సీ వైపు తిప్పింది. పెద్ద అంకె వచ్చింది. అంత వెలుగునూ పటంలోంచి తీసేస్తే గుంట నోరు తెరిచింది.

"చెప్పానా! అన్నిటికన్నా బరువని!"

ఆమె డిష్‌ను వెలుగు ఎప్పుడూ మారని ఒక రేడియో మూలం వైపు తిప్పింది. ప్రతి కొలతకూ ముందూ వెనకా దాన్ని చూడటం ఆమె అలవాటు. ఈసారి ముందు చూడనివ్వలేదు తమ్ముడు. అదీ ఉండాల్సినదానికన్నా ఎక్కువే వెలుగుతోంది, పైగా చూస్తుండగానే అంకె జారుతోంది.

"రిసీవర్ ఇంకా కుదురుకోలేదు. ఇందాకటిది పనికిరాదు."

"ఒక్కసారికి పోనీ అక్కా. నీ సొమ్మేం పోయింది?"

"పరువు. జరుగు."

రిసీవర్ పూర్తిగా చల్లబడ్డాక మారని మూలం సరైన అంకెనే చూపించింది. అప్పుడు గుంపు నడిమి గెలాక్సీని రెండు వేర్వేరు పొడవుల తరంగాల్లో కొలిచింది. ఒకదాన్నుంచి ఒకదానికి వెలుగు ఎంత తగ్గిందో తెలిస్తే, పెద్ద టెలిస్కోపు చూసే తరంగాల్లో ఎంత మిగులుతుందో లెక్కకట్టవచ్చు. మళ్లీ మారని మూలాన్ని చూసింది. కదల్లేదు.

పాత సర్వేకన్నా వెలుగు బాగా ఎక్కువ, ఇందాకటికన్నా తక్కువ. తమ్ముడు దాన్ని తీసేసి చూశాడు. గుంట కనబడింది.

"మధ్యరకం," అన్నాడు, చెప్పుల కొలత చెప్పినట్టు.

"ఉందా లేదా?"

"ఉంది."

మేడమ్ వచ్చి తెర మీదికి వంగారు. "మారని మూలాన్ని చూశారా?"

"ముందూ వెనకా చూశానండీ."

"అయితే ఉంచుదాం." తమ్ముడి వైపు తిరిగారు. "బరువు సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదుగా?"

"అబ్బే, ఎవరికీ చెప్పలేదు మేడమ్."

మెకానిక్ పంపు వైపు చూసింది. మొదటి కొలత మీద పనికిరాదని గుర్తుపెట్టి, అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి మేడమ్ చేతికిచ్చింది.