నోట్లో గుండుసూదులు

ఆ వీధిలో ఆమెను సూదులమ్మ అంటారు. కుట్టుపని చేసేవాళ్లు అక్కడ ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు గానీ ఆ పేరు ఈవిడకే దక్కింది. ఎప్పుడు చూసినా ఆవిడ పెదవుల మధ్య గుండుసూదులు బిగించి ఉంటాయి. గుడ్డకు గుచ్చడానికి అందుబాటులో ఉంచుకుందని చూసినవాళ్లు అనుకుంటారు. అసలు సంగతి అది కాదు. నోట్లో సూదులున్న మనిషి నుంచి ఎవరూ జవాబు ఆశించరు.

కుట్టుమిషను ముందుగదిలో కిటికీ పక్కన ఉంటుంది. ఇంట్లోకి రావాలన్నా బయటికి పోవాలన్నా ఆ గదిలోంచే. దుకాణానికి వెళ్లి పనిచేసే మనిషికి కనీసం "పనికి వెళ్లాడు" అనే మర్యాద ఉంటుంది. ఇంట్లో పనిచేసే ఆడదానికి అదీ లేదు. "నువ్వు ఇంట్లోనేగా ఉంటావు" అనే ఒక్క మాట పట్టుకుని లోకమంతా వచ్చి ఆవిడ నెత్తిన కూర్చుంది. పైవాటావాళ్ల పార్సిళ్లు తీసుకునేది ఆవిడే. ఎదురింటివాళ్ల తాళంచెవి ఉండేది ఆవిడ దగ్గరే. బస్సు నడిపే భర్తగారు సెలవునాడు కళ్లజోడు నుదుటి పైకి నెట్టుకుని, అది ఎక్కడుందో చెప్పమని ఆవిడ దగ్గరికే వస్తాడు. ఇక ఫోను గోల పడలేక దాన్ని పిండి డబ్బాలో పెట్టి మూత బిగించిన రోజులు కూడా ఉన్నాయి.

కొలత మనసులో పట్టుకుని, సుద్దముక్క గుడ్డ మీద ఆనించి గీయబోతుండగా ఎవరో ఒకరు పలకరిస్తారు. కొలత కాస్తా ఎగిరిపోతుంది. మళ్లీ టేపు తీయాలి, మళ్లీ మొదలుపెట్టాలి. ఒకసారి అలా మళ్లీ కొలుస్తూ సూదులు నోట్లో పెట్టుకుని ఉండగా ఎదురింటావిడ కబుర్లకొచ్చి, అటూ ఇటూ చూసి, "సరేలే, తర్వాత వస్తాను" అని తనంతట తనే వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి అవసరమున్నా లేకున్నా సూదులు ఆవిడ నోట్లోనే ఉంటున్నాయి.

ఆ సూదులకు లొంగని మనిషి ఒక్కరే ఉన్నారు, అత్తగారు. ఆవిడకు చూపు మందగించింది, మోకాళ్లు మొరాయించాయి. లోపలి గదిలో మంచం మీదే కాలక్షేపం. కోడలి నోట్లో సూదులున్నాయో లేదో ఆ ముసలావిడకు ఎలా కనబడుతుంది?

"అమ్మాయ్!"

సూదులమ్మ ఒక్కొక్క సూదీ తీసి బల్ల మీది చిన్న సూదుల దిండుకు గుచ్చాలి. అప్పుడు పలకాలి.

"ఏంటత్తయ్యా?"

"ఏం లేదమ్మా. ఉన్నావా అని."

"ఇక్కడ కాక ఎక్కడుంటాను?"

మళ్లీ ఒక్కొక్క సూదీ నోట్లోకి. కాసేపటికి మళ్లీ "అమ్మాయ్!" మంచినీళ్లు కావాలని పిలిచినా, మాత్ర వేళయిందని పిలిచినా బాధ లేదు. చాలాసార్లు ఏమీ అక్కర్లేకుండానే పిలుస్తుంది. రోజంతా ఇదే వరస. సాయంత్రానికి సూదులమ్మ తల ప్రాణం తోకకొచ్చేది. చేసిన పని కంటే చెయ్యలేకపోయిన పనే ఆవిడను ఎక్కువ అలసిపోయేలా చేసేది.

అలాంటి రోజుల్లో నర్సు వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది. అత్తగారికి ఇంజెక్షన్లు వేసేదీ ఆ అమ్మాయే. సంచిలోంచి నీలం ఉన్ని గుడ్డ ఒకటి తీసి బల్ల మీద పరిచింది.

"అమ్మ తనకోసం కొనుక్కుందక్కా. కుట్టించుకోకుండానే పోయింది. నాకు కోటు కుట్టిపెట్టండి. ఇలాంటి గుడ్డ మళ్లీ ఎంత వెతికినా దొరకలేదు, జాగ్రత్త, అదే చెప్తున్నా."

సూదులమ్మ గుడ్డను వేళ్లతో నిమిరి చూసింది. ఒకవైపు మెత్తని నూగు, రెండోవైపు బోడి. కొలిచి చూస్తే కోటుకు బొటాబొటిగా సరిపోతుంది. పొరపాటుకు చోటు లేదు. అందుకే కత్తెర చేతిలోకి తీసుకోవడానికి జంకి, గుడ్డను బీరువా మీద పెట్టింది. తీరిగ్గా కూర్చున్నప్పుడు కత్తిరిద్దాం అనుకుంది. ఆ తీరిక ఎంతకీ రాలేదు. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి గుడ్డ పరిచి, సుద్దముక్క తీసుకుంది.

"అమ్మాయ్!"

ఆవిడలో ఏదో తెగింది. సూదులు దిండుకు గుచ్చకుండా అరచేతిలోకి ఊసేసి, "ఒక్క పూట! ఒక్క పూట నా పని నన్ను చేసుకోనిస్తే మీ సొమ్మేం పోతుందత్తయ్యా?" అని అరిచింది.

అన్నందుకు సిగ్గనిపించింది గానీ, వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకునే ఓపిక కూడా ఆవిడకు లేదు.

ఆ సాయంత్రం భర్త తల్లినీ చూశాడు, పెళ్లాన్నీ చూశాడు. "అమ్మను కొన్నాళ్లు చెల్లి దగ్గర దింపొస్తాలే. నువ్వు ఊపిరి పీల్చుకో" అన్నాడు. మర్నాడు అత్తగారు కొడుకు భుజం పట్టుకుని గడప దాటుతూ, "పని చూసుకో అమ్మాయ్" అంది.

ఇల్లు ఖాళీ అయింది. సూదులమ్మ తలుపు గడియ వేసింది, ఫోనును డబ్బాలోకి పంపింది. సూదులు నోట్లో పెట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు. ఏళ్ల తరబడి కోరుకున్న నిశ్శబ్దం ఇదే కదా అని గుడ్డ పరిచింది.

మామూలుగా గుడ్డను మడిచి కోటు చేతులు రెండూ ఒకేసారి కత్తిరిస్తారు. అప్పుడు ఒకటి కుడిదీ ఒకటి ఎడమదీ వాటంతటవే వస్తాయి. ఈ గుడ్డ మడతకు చాలదు. ఒక పొరగానే పరిచి ఒక్కో చెయ్యీ విడిగా కత్తిరించాలి. మొదటిది అయ్యాక కాగితపు అచ్చును తిరగేసి రెండోది గీయాలి. ఇది ఆవిడకు నిద్రలో కూడా తెలిసిన పని.

మొదటి చెయ్యి కత్తిరించింది. చెవి మాత్రం లోపలి గది వైపే ఉంది. పిలుపు రాలేదు. ఇంతసేపు పిలవలేదేమిటి అనుకుంది, ఆ వెంటనే మనిషి లేదని గుర్తొచ్చింది. లేచి వెళ్లి మంచం చూసొచ్చింది. దుప్పటి మడత పెట్టి ఉంది. తిరిగొచ్చి అచ్చు పెట్టి గీసింది. మళ్లీ చెవులు రిక్కించింది. మనసు ఆ గదికీ ఈ గదికీ తిరుగుతుండగా కత్తెర తన దారిన తాను నడిచింది. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టాక గానీ తెలియలేదు.

రెండూ ఎడమ చేతులే. అచ్చు తిరగెయ్యలేదు. నూగు ఒకవైపే ఉన్న గుడ్డ కాబట్టి ముక్కను తిప్పి వాడుకోవడానికీ లేదు.

ఆవిడ ఏడవలేదు. ఏడవడానికి కూడా బలం కావాలి. స్టూలు మీద కూర్చుని ఆ ముక్కలనే చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ తప్పు జరిగితే ఎవరి మీద నెట్టాలో తెలిసేది. ఇవాళ నెట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు.

డ్యూటీ దిగి వచ్చిన నర్సుకు దాచకుండా చెప్పేసింది. "తప్పు నాదే. తప్పు కత్తిరించిన చేతికి పైన భుజం భాగం కొత్తగా కత్తిరించి, మోచేతి దగ్గర అతకాలి. కాలరు కింద వేరే గుడ్డ వేస్తే అందుకు కావలసిన ముక్క మిగులుతుంది. ఒక చేతికే అతుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి బాగున్న చేతిని కూడా కోయాల్సిందే."

నర్సు పాడైన ముక్కను ఒళ్లో పెట్టుకుని నూగు నిమిరింది. "మీరు జాగ్రత్తగా చేస్తారనే కదక్కా తెచ్చింది" అంది చివరికి. తిట్టినా బాగుండేది. లేచి నిలబడి, "ఈసారి పాడైతే ఇంక నాకు చెప్పొద్దు" అని వెళ్లిపోయింది.

మర్నాడే భర్తను పంపి అత్తగారిని వెనక్కి పిలిపించింది. ఆడపడుచు ఫోనులో, "అమ్మ ఇక్కడ ఎవర్నీ పిలవనే లేదు వదినా, నోరే విప్పట్లేదు" అంది. అత్తగారు వచ్చి తన మంచం ఎక్కింది. సూదులమ్మ మంచినీళ్లు పక్కన పెట్టి, దుప్పటి కప్పి, ముందుగదిలోకి వచ్చి మోచేతి దగ్గర కోయడానికి కోటు చేతుల్లో బాగున్న ముక్కను బల్ల మీద పరిచింది. సూదులు నోట్లో పెట్టుకుంది.

లోపలి నుంచి పిలుపు రాలేదు. దగ్గు వినబడింది, గాజుల చప్పుడు వినబడింది, పిలుపు మాత్రం లేదు. కోడలు అరిచిన మాట ముసలావిడ మర్చిపోలేదు. నోరు నొక్కుకుని పడుకుంది. సూదులమ్మ కత్తెర తెరిచింది, మూసింది. ఈ ముక్క కూడా చెడిందంటే నర్సు తల్లి గుడ్డలో మిగిలేది పేలికలే.

కత్తెర కింద పెట్టింది. నోట్లోంచి ఒక్కొక్క సూదీ తీసి దిండుకు గుచ్చింది.

"అత్తయ్యా!"

మంచం కిర్రుమంది. "ఏమ్మా? ఏం కావాలి?"

"ఏం లేదు. ఉన్నారా అని."

ఆ పాత గొంతు, కోడలి పాత విసుగుతోనే వచ్చింది.

"ఇక్కడ కాక ఎక్కడుంటాను? నువ్వు పని చూసుకో అమ్మాయ్."

సూదులమ్మ కత్తెర తీసుకుని, సుద్దగీత వెంట తిన్నగా కత్తిరించింది.