చలిజ్వరం, నేను, తవుడుకు కొన్న పిల్ల

మిట్టమధ్యాహ్నం మిరపచేనులో కలుపు తీస్తుంటే నాకు చలి పుట్టింది. పళ్లు టకటక కొట్టుకున్నాయి. "జనగామామెకు ఎండ గూడ సల్లగనే ఉన్నదట" అని పక్క సాలులో ఆడవాళ్లు నవ్వారు. సాయంత్రానికి చెమటలు పోసి తగ్గింది. ఒకరోజు విడిచి మళ్లీ అదే వేళకు వచ్చింది.

అప్పటికి గూడూరు అడవి అంచున గుడిసె వేసుకుని రెండేళ్లు. జనగామ దగ్గర మా ఊరిని రజాకార్లు తగలబెట్టినప్పుడు భర్తనూ మూడేళ్ల కొడుకునూ పోగొట్టుకుని కట్టుబట్టలతో ఇక్కడికి వచ్చాను. జ్వరం వస్తే రానీ, పోతే పోతాను అనుకున్నాను.

పోయే వీలు లేకుండా చేసింది పక్క గుడిసె యాకమ్మ. ఆమె భర్త దళంతో భూపాలపల్లి అడవుల వైపు వెళ్లి తిరిగి రాలేదు. ముందు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. అందుకే మూడో పిల్ల పుట్టగానే నాకు తవుడుకు అమ్ముతానంది. అమ్మడం పేరుకే, పెంచేది తల్లే. పిల్ల వేరేవాళ్లదనుకుని చావు దాటిపోతుందని నమ్మకం.

"పిల్లలున్నామెను ఎవరినన్న చూసుకోరాదే" అన్నాను.

"నీ దగ్గర తీసుకపోనీకి ఇంకేం మిగల్లేదక్కా. సావు నీ దిక్కు రాదు."

చేటెడు తవుడు పోసి, పిల్లను ఒళ్లోకి తీసుకుని, వెంటనే తిరిగిచ్చేశాను.

నాకు చలి మొదలైన ఆ వానకాలమే యాకమ్మకూ జ్వరం వచ్చి మూడు రోజుల్లో చనిపోయింది. చుట్టుపక్కల గుడిసెలవాళ్లు ఏడాది పిల్లను తెచ్చి నా గుమ్మంలో కూర్చోబెట్టారు. "కొన్నది నువ్వే గదనే" అన్నారు. చచ్చిన యాకమ్మ మీద నాకు కోపం వచ్చింది. నా కొడుకు ఉండాల్సిన ఒళ్లో ఇదేమిటని ఏడ్చాను.

దానికి గంజి కాయాలంటే నేను లేవక తప్పదని, పిల్లను చంకనేసుకుని బండి మీద మానుకోట దవాఖానకు పోయాను. నా వేలు పొడిచి రక్తం స్లైడ్ మీద తీశారు. డాక్టరు ఎడమ డొక్క నొక్కి చూశాడు. "స్ప్లీన్ పెరిగింది. మలేరియా. క్వినైన్ గోలీలిస్తున్న, జరం పోయినా ఆపొద్దు. పిల్ల నీదేనా?"

"కాదు సారూ, పక్కింటామెది" అన్నాను.

నాలుగు రోజులకు జ్వరం విడిచింది. చెవుల్లో హోరు, నోరంతా చేదు. పిల్లకు జ్వరమొస్తే పనికొస్తాయని మిగిలిన గోలీలు గుడ్డలో కట్టి చూరులో దోపాను.

పదిహేను రోజులకు తిరగబెట్టింది. ఈసారి లేవలేకపోయాను. రెండు పూటలు పిల్ల గంజి కోసం పక్కనే ఏడుస్తుంటే చెయ్యి చాపే సత్తువ లేదు. ఇది కూడా నా కళ్ల ముందే పోతుందని భయమేసింది. బతకాలని అప్పుడే మొదటిసారి అనిపించింది. కూలికి పిలవడానికి వచ్చినవాళ్లు చూసి ఇద్దరినీ బండిలో వేశారు.

"గోలీలన్ని మింగినవా?" అని డాక్టరు అడిగాడు. దాచిన సంగతి చెప్పాను.

"నువ్వు పోతే అవి దానికి మింగిచ్చేదెవరు?"

కోర్సు మొత్తం వార్డులోనే పూర్తి చేయించాడు.

ఇప్పుడు ఆ పిల్లకు ఇద్దరు పిల్లలు. నేను మళ్లీ జనగామ పోలేదు. చలికాలం ఎడమ డొక్క లాగుతుంది. కొడుకు గుర్తొచ్చిన రోజు పని చెయ్యలేను, దానికి మందు లేదు. మొన్న వానల్లో నా బిడ్డ తనకు జ్వరం తగ్గగానే సగం గోలీలు కొంగున కట్టబోయింది.

"తగ్గింది గదనే అమ్మా" అంది.

"నోరు తెరువు" అన్నాను.

మీ ఇంట్లో జ్వరం వచ్చినవాళ్లు చివరి గోలీ మింగేదాకా ఎదురుగా కూర్చోండి. మొదటిసారి నా ఎదురుగా ఏడాది పిల్ల తప్ప ఎవరూ లేరు.