జిరాక్సమ్మ కొన్న వెల్డింగ్ మిషన్

కాలేజీకి ఎదురుగా ఉన్న ఇరుకు గదిలో జిరాక్స్ మిషన్ పెట్టుకున్నందుకు ఆమెను వీధంతా జిరాక్సమ్మ అనే పిలిచేది. మిషన్ మొరాయిస్తే మెకానిక్ కోసం కాళ్ళరిగేలా తిరిగే రకం కాదామె. తానే మూత విప్పి, రోలర్లు తుడిచి, స్ప్రింగు సర్ది, కొంగుకు చేతులు తుడుచుకుని మళ్ళీ నడిపించేది. పాత వస్తువు పారేయాలంటే ప్రాణం ఒప్పేది కాదు. విరిగిన కుర్చీ కాళ్ళూ సొట్టపడ్డ రేకులూ అన్నీ ఇంటి వెనక మెట్ల కిందకి చేరేవి.

అలాంటి మనిషి వెల్డింగ్ మిషన్ కొంటానంటే ఇంట్లో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు. దుకాణంలో కాగితాల స్టాండు కాలు ఊడింది. బట్టలారేసే కమ్మీ వంగింది. అత్తగారి కుర్చీ కిర్రుమంటోంది. బజార్లో వెల్డర్లని అడిగితే, "ఇంత చిన్న పనికి మిషన్ ఆన్ చెయ్యమమ్మా" అన్నారు. ఇంట్లోవాళ్ళు పైకి అనని మాట ఒకటే. ఆమె అక్క మొగుడు పాతికేళ్ళుగా వెల్డరు. మూడేళ్ళ కిందటి దాకా ఈ ఇంటి ఇనప పనంతా ఆయన చేతి మీదే నడిచింది.

అక్క పెళ్ళినాటికి ఆమె ఎనిమిదో తరగతి. బావని మొదటి రోజు నుంచే నువ్వు అని పిలిచింది. ఆయన ఈమెను ఏడిపించేవాడు, ఈమె ఆయన మీసాల మీద జోకులేసేది. ఈమెకు పెళ్ళయ్యాక కూడా ఆ చనువు పోలేదు. మూడేళ్ళ కిందట అటక మీదకి నిచ్చెన కావాలంటే ఒక ఆదివారం వచ్చి, ఇంట్లో ఉన్న పాత మంచం పైపులతోనే చేసిపెట్టి వెళ్ళాడు.

నాలుగు నెలలు తిరక్కుండానే, సూట్‌కేసు దింపడానికి ఎక్కిన ఆమె భర్త కాలి కింద మెట్టు ఊడింది. కుడి మణికట్టు విరిగింది. ఆయన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా, రాసుకు బతికే మనిషి. కబురు విని బావ పరుగెత్తుకొచ్చేసరికి ముందు గదిలో అత్తగారు, తోడికోడలు, పక్కింటివాళ్ళు ఉన్నారు. వాళ్ళందరి ముందూ ఆమె అంది.

"చేతకాకపోతే చేతకాదని చెప్పాలి. మనుషుల ప్రాణాలతో ఆటలేంటండీ మీకు?"

ఎన్నడూ అనని ఆ 'అండీ', ఆ 'మీకు' గదిలో అందరికీ వినపడ్డాయి. బావ గుమ్మంలోనే నిలబడి, కట్టుతో ఉన్న తోడల్లుడి చేతిని కాసేపు చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. తోడికోడలు తన ఇంటి కిటికీ గ్రిల్లులు వేరేవాళ్ళతో చేయించుకుంది. పక్కింటాయన గేటు కూడా అంతే.

ఇక వెల్డింగ్ మిషన్ కొన్న రోజు సంగతి. షాపతను ఓపికగల మనిషి. మూడు మిషన్లు చూపించాడు. ఒకటి సెకండ్‌హ్యాండ్‌ది, పాతకాలం రాగి చుట్టలది. ఎత్తాలంటే ఇద్దరు కావాలి.

"ఇది రాయిలాంటిది, కానీ మీ ఇంటి మీటరు తట్టుకోదు. ఆన్ చేస్తే వీధిలో లైట్లన్నీ కన్ను కొడతాయి," అన్నాడు.

రెండోది టిఫిన్ క్యారియర్ అంత. అన్నిటికన్నా చవక. పెట్టె మీద మూడొందల ఆంప్స్ అని పెద్ద అక్షరాలు.

"మూడొందలా?" అంది జిరాక్సమ్మ.

"రాయడానికేముందమ్మా, కాగితం వద్దంటుందా? అందులో సగం వస్తే గొప్ప. రెండు రాడ్లు కాలిస్తే వేడెక్కి పడుకుంటుంది. ఈ మూడోది చూడండి. అంకె చిన్నది రాశాడు, కానీ రాసినంతా ఇస్తుంది. కరెంటు బాగా తగ్గించుకోవచ్చు. ఇంటి పనంటే పల్చటి పైపులేగా, తగ్గించుకోలేకపోతే అన్నీ కన్నాలే. సన్న రాడ్లు ఒక డబ్బా చాలు. మిగుల్చుకున్న డబ్బు మాస్కు మీద పెట్టండి. మిషన్ పోతే ఇంకోటి వస్తుంది, కన్ను రాదు."

ఆ మాటలు ఆమెకు నచ్చాయి. మూడోదే తీసుకుంది. బిల్లు రాస్తూ అతను మామూలుగా అడిగాడు.

"ఇంట్లో ఈ పని తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా? మొదట్లో ఒకళ్ళు పక్కనుంటే మంచిది."

"ఎవరూ లేరండీ," అంది.

బతికున్న బావను పట్టుకుని ఎవరూ లేరనేసింది. మిషన్ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వస్తున్నంతసేపూ ఆ మాటే గుర్తొచ్చింది.

నేర్చుకోవడం అనుకున్నంత తేలిక కాలేదు. మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చి, వెనక వాకిట్లో పీట వేసుకుని కూర్చునేది. రాడ్డు ఇనుముకు అతుక్కుపోయి ఊడొచ్చేది కాదు. చెయ్యి కాస్త ఆగితే పైపుకి బొక్క. కాస్త తొందరపడితే పైన బొట్లు బొట్లుగా నిలిచి, సుత్తితో తడితే రాలిపోయేది. "కాకి రెట్టలా ఉందే," అని అత్తగారు కితాబిచ్చింది. భర్త కిటికీలోంచి చూసి నవ్వేవాడు. రెండు వారాలకు చెయ్యి కాస్త కుదిరింది. మంచి అతుకు అంటే ఏమిటో కంటికి తెలిసింది. రెండు ముక్కలూ ఒకదాంట్లోకి ఒకటి కరిగి, మధ్యలో సన్నటి అలల గీత పడాలి.

తుక్కంతా అయిపోయాక మెట్ల కిందనుంచి ఆ నిచ్చెన లాగింది. ముక్కలు కోసి సాధన చేద్దామని. ఊడిన మెట్టు దానికే తాడుతో కట్టి ఉంది. తాడు విప్పి, మెట్టు చివర గుడ్డతో తుడిచింది.

అతుకు అలాగే ఉంది.

అలలు అలలుగా, ఒక్క చోట తెగకుండా, మెట్టు చివర చుట్టూ ఉంగరంలా ఉంది. దాన్ని పట్టుకుని నిలువు పైపు తాలూకు తునక ఒకటి ఊడొచ్చింది. ఆ తునక రేకు కన్నా పల్చన. లోపలి వైపు వేలితో రాస్తే ఎర్రటి పొడి రాలింది. బావ వేసిన అతుకు తెగలేదు. పుచ్చిపోయిన పైపు చిరిగింది.

ఆ పైపులు ఎవరిచ్చినవి? ఆ ఆదివారం బావ ఈ పైపుని వేలితో కొట్టి చూశాడు. "వద్దే పిల్లా, లోపల తినేసింది. కొత్త పైపు తెస్తాను," అన్నాడు. "నీ పుణ్యం, ఇంట్లో బంగారంలాంటి పైపులు పెట్టుకుని కొత్తవెందుకు బావా? చేస్తావా, ఇంకొకళ్ళని పిలవనా?" అంది తను. ఇదంతా ఇప్పుడు కొత్తగా గుర్తొచ్చిందని తనకి తాను చెప్పుకోబోయింది, కానీ మనసు ఒప్పలేదు. మర్చిపోయిందెప్పుడు? భర్త చేతికట్టు చూసిన ప్రతిసారీ ఆ మాట పైకి రాబోయేది. ఆమే కిందకి తొక్కేసేది.

మర్నాడు ఆ మెట్టుని చేతిసంచిలో పెట్టుకుని బావ షెడ్డుకి వెళ్ళింది. ఆయన కిటికీ చట్రం కొలుస్తున్నాడు. ఈమెను చూసి టేపు చుట్టేశాడు. ఆమె మెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"బావా, తప్పంతా నాదే."

ఆయన మెట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు.

"మరి అందరి ముందూ అన్నాను కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఆయన చెయ్యి విరిగి కూర్చుంటే నేను పైపు సంగతి తెచ్చి గెలవాలా? అయినా నీ తప్పంతా ఎలా అవుతుంది? పుచ్చిందని తెలిసీ చేసింది నేను. సంచి సర్దుకుని వెళ్ళిపోవాల్సింది. నువ్వు ఇంకొకళ్ళని పిలుస్తానన్నావని రోషం వచ్చింది."

"కొట్టు, బావా. తిట్టు. అలా సగం నీ మీద వేసుకోకు."

ఆయన నవ్వలేదు. "నా దగ్గర చెప్పి ఏం లాభం? నా ఒక్కడి ముందే అన్నావా?" అన్నాడు.

ఆ సాయంత్రమే తోడికోడల్ని, పక్కింటివాళ్ళని పిలిచి, భర్త, అత్తగారు వింటుండగా చెప్పేసింది. మెట్టు అందరి చేతుల్లోంచీ వెళ్ళింది. ఒక్క ముక్క దాచలేదు. బావ వద్దన్నాడనీ, తనే బలవంతపెట్టాననీ, అది తనకి ఎప్పుడూ తెలుసనీ చెప్పింది. "ఆ మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు కదే మనం," అంది అత్తగారు. భర్త లేచి, సరిగ్గా తిరగని ఆ చేత్తోనే ఫోన్ తీసి, "అన్నయ్యా, ఆదివారం మీరిద్దరూ రావాలి," అన్నాడు.

ఆదివారం బావ ఒక్కడే వచ్చాడు. మిషన్ తిప్పి చూసి, "పరవాలేదు, మోసపోలేదు," అన్నాడు. అక్కకి ఒంట్లో బాగాలేదన్నాడు, ముఖం పక్కకి తిప్పుకుని.

జిరాక్సమ్మ అప్పటికప్పుడు చెప్పులేసుకుని అక్క ఇంటికి వెళ్ళింది. అక్క వంటగదిలో గిన్నెలు తోముతోంది. ఒంట్లో నిక్షేపంగా ఉంది.

"రాలేదేం అక్కా?"

అక్క చెయ్యి ఆపలేదు. "ఆయనకి చెప్పావు. మీ వాళ్ళందరికీ చెప్పావు. బాగానే ఉంది. మూడేళ్ళు ఆయన్ని కాదని నీ ఇంటికి రాలేక, ఎవరైనా నిన్ను తిడితే వినలేక నేను ఇక్కడ ఏమైపోయానో నీకు తట్టిందా? ఒక్కసారన్నా వచ్చావా?"

తట్టలేదు. నిజంగానే ఒక్కసారి కూడా తట్టలేదు. బావ పరువు గురించి ఆలోచించింది, భర్త చేతి గురించి ఆలోచించింది. ఒకే పక్క మీద పడుకుని పెరిగిన మనిషి లెక్కలోకే రాలేదు. కొంగు బొడ్లో దోపుకుని, కడిగిన గిన్నెలు అందుకుని తుడవడం మొదలుపెట్టింది. అక్క వద్దనలేదు, ఇటు చూడనూ లేదు.

ఆ తర్వాత వారానికొకసారి వెళుతూనే ఉంది. ఇద్దరూ కూరగాయలు తరుగుతారు, బట్టలు మడతపెడతారు. చెల్లెలు అడిగినదానికి అక్క జవాబు మాత్రం చెబుతుంది. అంతకు మించి ఇంకా మాట్లాడటం లేదు.