కోహ్కా పెరట్లో సముద్రపు పడవ

ఆ ప్రకటన చూసి విశాఖ హార్బరులో నాతో పనిచేసినవాళ్లంతా నవ్వారు. ఆదివారం పేపర్లో పాత స్కూటర్లకీ ఇళ్ల స్థలాలకీ మధ్య రెండే వరుసలు: ‘దూర సముద్ర ప్రయాణానికి తయారైన ఉక్కు తెరచాప పడవ అమ్మబడును. భిలాయి.’

“భిలాయిలో పడవేటి? అక్కడ చెరువు తప్ప ఏటుంది?” అన్నాడు మా టగ్గు డ్రైవరు.

నేను మాత్రం ఆ ముక్క చింపి జేబులో పెట్టుకున్నాను. ఓడల మీద సరంగుగా సగం జీవితం గడిపినవాణ్ని. ఒకరి సరుకుని ఇంకొకరు చెప్పిన రేవుకి చేర్చడమే ఇన్నాళ్లూ చేసిన పని. సొంత పడవలో అండమాన్ దాకా వెళ్లాలి, అక్కణ్నుంచి ఎటు బుద్ధి పుడితే అటు పోవాలి అన్నది ఒక్కటే కోరిక. పెళ్లి చేసుకోలేదు కనుక వద్దనేవాళ్లు లేరు. అలాంటి పడవ మన తీరంలో దొరకదు. బయటి దేశం నుంచి తెప్పించుకునే తాహతు నాకు లేదు. తొంభైల మధ్య మాట ఇది. భిలాయి అప్పటికింకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది.

విశాఖలో సాయంత్రం దుర్గ్ వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి భిలాయిలో దింపుతుంది. పార్వతీపురంలో ఒక పెద్దావిడ బుట్టతో ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. బుట్ట నిండా ఎండు నెత్తళ్ల చేపలు. తమ్ముడికి అక్కడి ఉక్కు ప్లాంటులో ఉద్యోగమట.

“భిలాయిలో అన్నీ దొరుకుతాయి నాయనా, ఇవే దొరకవు” అంది. నేను వెళ్తున్న పని చెబితే బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. “పడవ కోసం భిలాయి ఎల్తన్నావా? ఎవులో నిన్ను ఆట పట్టించీసినారు.”

రాయగడ దాటాక కొండలు, సొరంగాలు. చలి మొదలైంది. దుప్పటి లేకుండా వెళ్లేవాళ్లు ఇబ్బంది పడతారు. తెల్లవారాక టిట్లాగఢ్‌లో మట్టి కప్పుల్లో టీ బాగుంటుంది. రాయపూర్‌లో సమోసాలు కొని తిన్నాను. దుర్గ్ దాకా పోనక్కర్లేదు. పవర్‌హౌస్ స్టేషన్లో దిగితే లాడ్జీలు, హోటళ్లు ఎదురుగానే ఉంటాయి. అక్కడే గది తీసుకుని, స్నానం చేసి, రిక్షా పిలిచాను.

కోహ్కా అని చెప్పి చిరునామా చదవబోతుంటే రిక్షావాడు అడ్డొచ్చాడు. “జహాజ్‌వాలా ఘర్? బైఠియే.” ఓడ ఉన్న ఇల్లు అంటే ఆ ఊళ్లో అందరికీ తెలుసన్నమాట.

కోహ్కాలో ఒక మట్టి సందు చివర ఇటుక గోడ పైనుంచి పడవ ముక్కు తెల్లగా బయటికి పొడుచుకొచ్చి కనిపించింది. గోడ వెనక పొట్టి మనిషి ఒకాయన చీపురుతో డెక్కు ఊడుస్తున్నాడు. పేరు అప్పన్న. బారువ దగ్గర సముద్రపుటొడ్డున పుట్టి, కుర్రతనంలోనే భిలాయి వచ్చి, ప్లేటు మిల్లులో వెల్డరుగా చేరి రిటైరైన మనిషి. మిల్లు చప్పుడుకి చెవులు మందగించాయి. గట్టిగా మాట్లాడాలి.

“ముందు పడవకి జాగా కొన్నాం బాబూ. మిగిలిన ముక్కలో ఇల్లు కట్టీసినాం” అన్నాడు. రుఆబాంధాలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి ఇక్కడికి మారారట.

చాలా రేవుల్లో చాలా పడవలు చూశాను. ఇలా నిలబడి చూసింది తక్కువ. ముప్పై అడుగులు దాటిన ఉక్కు పడవ, చెక్క దిమ్మల మీద నిటారుగా ఉంది. పెనుగాలికి ఒరిగినా మళ్లీ లేచేలా అడుగు లోతుగా, బరువుగా పోశాడు. రేకుల అతుకుల మీద అరచెయ్యి ఆనించి ముందు నుంచి వెనక దాకా నడిచాను. ఎక్కడా గరుకు తగల్లేదు. టార్చి పట్టుకుని అడుగు అరల్లోకి దూరాను. తుప్పు మరక కూడా లేదు. తెరచాప కట్టే స్తంభాన్ని పక్కన అడ్డంగా పడుకోబెట్టి, గుడ్డ చుట్టి ఉంచాడు. డెక్కు మీద మాత్రం ప్లాంటు ఎర్ర దుమ్ము పల్చగా పరుచుకుంది.

“రోజూ కడుగుతాను. రోజూ పడతాది” అన్నాడు అప్పన్న.

లోపల టేకు చెక్కతో గది. పడవ ఎటు ఒరిగినా గిన్నె తొణక్కుండా ఊగే స్టవ్వు. ఎదురెదురుగా రెండు మంచాలు. పట్టుకుని నడవడానికి కప్పు కింద రెండు కమ్మీలు ఉన్నాయి. ఒకటి పైన, ఒకటి బాగా కిందికి.

“ఇదెందుకు?”

“అది మా ఇంటిది నరసమ్మ ఎత్తుకి. నా కంటే పొట్టి గదా.”

తెరచాపలన్నీ ఆవిడే కుట్టిందట. వరండా నేల మీద గుడ్డ పరిచి, పాత కుట్టుమిషను మీద, ఏళ్ల తరబడి. పడవకి పేరు పెట్టలేదు. నీళ్లలో దింపాక పెడదామనుకున్నారు.

“ఇంత చేసి అమ్మడం ఎందుకండీ?” అని అడిగాను.

“భోజనం సేద్దాం, రండి” అన్నాడు.

నరసమ్మగారు గోడ పట్టుకుని నడిచి వచ్చింది. పాదాలు వాచి ఉన్నాయి. చేతికి కట్టు. వంకాయ, ఎండు రొయ్యల కూర వడ్డించి, నాకు పెద్ద చెంబుతో నీళ్లు పెట్టింది. తాను చిన్న గ్లాసు తీసి పెదాలు తడుపుకుని పక్కన పెట్టేసింది. “రోజంతటికీ నా కొలత ఇదే బాబూ. సముద్రం మీద తిరుగుదామనుకున్నదానికి గుక్కెడు నీళ్లు కూడా లేకుండా సేసినాడు దేవుడు” అని నవ్వింది. మూత్రపిండాలు పోయాయట. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లి మిషను మీద రక్తం కడిగించుకోవాలి. అది తప్పితే బతకదు.

భోజనమయ్యాక అప్పన్న నన్ను మళ్లీ పెరట్లోకి తీసుకొచ్చి చెప్పాడు. “మిషను వదిలీసి ఆవిడ ఎక్కడికీ రాలేదు. ఆవిడ్ని వదిలీసి నాను ఎల్లలేను. ఇది ఇలగ తయారై నిలబడుంటే, పొద్దున్న లెగిసి సూసినప్పుడల్లా ఆవిడ ఎప్పుడు పోతాదా అని కాసుకుని కూకున్నట్టుంటాది బాబూ. సందులోవోళ్లు అడుగుతారు, జహాజ్ కబ్ జాయేగా అని. ఓడ ఎప్పుడెల్తాదంటే ఏటి సెప్పను?”

నాకు నచ్చిందనీ, తీసుకుంటాననీ అక్కడే మాటిచ్చాను. ధర దగ్గర పేచీ ఏమీ రాలేదు. లాడ్జీకి తిరిగివస్తూ రిక్షాలో నాలో నేనే సముద్రపు దారులు లెక్కేసుకున్నాను. చాలాకాలానికి అంత సంతోషంగా ఉన్నాను.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి అప్పన్న మందులకి వెళ్లాడు. నరసమ్మగారు వరండాలో కూర్చుని ఉంది.

“బాబూ, ఈ పడవ కొనకండి” అంది.

నేను చెప్పులు విడవబోతూ ఆగాను.

“నాను ఎన్నాళ్లో ఉండను. మాకు పిల్లల్లేరు. నాను పోయాక ఈ మనిషి ఏటి సేస్తాడు? పడవుంటే దాన్ని నీళ్లలో దింపడానికైనా బతుకుతాడు. అది ఎల్లిపోతే నా ఎనకాలే వచ్చీస్తాడు. పని బాగులేదని సెప్పీసి ఎల్లిపోండి. సముద్రం మీద పనిసేసినోరు గదా, మీ మాట నమ్ముతాడు.”

ఆ పడవ బాగులేదని చెప్పడం నావల్ల కాదు. అలాగని ఆవిడ మొహం చూసి కొంటాననడమూ నావల్ల కాలేదు. బయటికొచ్చి పవర్‌హౌస్ బజారులో తిరిగాను. ఒక హోటల్లో అటుకుల పోహా తెప్పించుకుని సగం వదిలేశాను. కౌంటరు దగ్గరి మనిషి “అచ్ఛా నహీ లగా, భయ్యా?” అన్నాడు, రుచిగా లేదా అని. బాగానే ఉందన్నాను. మధ్యాహ్నానికి తేల్చుకున్నాను, కొనకుండా వెళ్లిపోదామని. కారణం చెప్పను. మనసు మారిందంటాను, అంతే.

అప్పన్న ఆ మాట విని ఇంటి వైపు ఒకసారి చూశాడు. “అలాగే బాబూ. జాముల్ నుంచి కబాడీవోడిని రమ్మంటాను. కోసి ఇనుముకి పట్టుకుపోతాడు” అన్నాడు.

ఆ మాటకి లోపల్నుంచి నరసమ్మగారు వచ్చింది. “కోసేస్తావా మావా? దాన్ని కోసేస్తావా?”

“నువ్వే గదా ఈ బాబుకి వద్దని సెప్పినావు.”

ఆవిడ కాదనలేదు. “ఉంచుకోమంటున్నాను. నువ్వు ఎల్దువుగాని.”

“ఎక్కడికి?”

“నాను పోయినాక.”

“నువ్వు పోయినాక అసలే ఎల్లను” అన్నాడు అప్పన్న. చెవులు మందం కనుక ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ మాట మాత్రం గొంతు తగ్గించి అన్నాడు. “ఆ రెండో మంచం ఖాళీగా ఎదురుగా కనిపిస్తా ఉంటే నాను ఏ దిక్కుకి ఎల్తాను నరసా?”

ఆవిడ గుమ్మంలో కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ ఏడుపు వినిపిస్తూనే ఉంది. అప్పన్న దగ్గరికి వెళ్లలేదు. దిమ్మకి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరికీ మధ్య నేను నిలబడ్డాను, పరాయివాణ్ని. అక్కణ్నుంచి కదలడానికి దారి తోచలేదు.

చివరికి కొంగు తీసి ఆవిడే అంది. “ఒక్కసారి నన్ను ఎక్కించు.”

జబ్బు చేసినప్పటి నుంచీ ఆవిడ పడవ ఎక్కలేదట. కుర్చీలో కూర్చోబెట్టి, ఆయనొక పక్క, నేనొక పక్క పట్టుకుని నిచ్చెన మీదుగా ఎత్తాం. ఏ బరువూ లేదు. లోపలికి దింపాక కింది కమ్మీ పట్టుకుని రెండడుగులు వేసింది. స్టవ్వుని వేలితో తోసి ఊగుతుంటే చూసింది. తన మంచం మీద కూర్చుంది. ఎదురు మంచం మీద అప్పన్న కూర్చున్నాడు. నేను పైకి వచ్చేశాను.

దించేటప్పుడు ఆవిడ నాతో అంది. “మీరే తీసుకోండి బాబూ. కబాడీవోడి సేతిలో పెట్టనియ్యకండి. తెరచాపల సంచులు మంచం కింద ఉన్నాయి. ఎలకలు కొట్టకుండా సూసుకోండి.”

డబ్బు ఇచ్చి కొన్నాళ్లు ఇక్కడే ఉంచుతానన్నాను. అప్పన్న తల అడ్డంగా ఊపాడు. “వద్దు. బేగి తీసుకుపోండి.”

భిలాయి నుంచి విశాఖకి ఉక్కు ప్లేట్లు మోసే ట్రైలర్లు దొరకడం కష్టం కాదు. సుఖ్‌రామ్ అనే డ్రైవరు ఒప్పుకున్నాడు. క్రేను మాత్రం ఒక్కరోజే ఖాళీగా ఉంది. అది నరసమ్మగారి ఆస్పత్రి రోజు. వేరే రోజు చూస్తానంటే అప్పన్న “ఆ రోజే మంచిది” అన్నాడు. తాళ్లు ఎక్కడ కట్టాలో, బరువు ఎటు తూగుతుందో ముందురోజే చూపించాడు. ఆ పొద్దున ఆవిడ్ని రిక్షా ఎక్కించి, గేటు తాళం నా చేతిలో పెట్టాడు.

“నీళ్లలో దింపే రోజుకి కబురు పెడతాను. రండి” అన్నాను.

“ఆవిడున్నన్నాళ్లూ రాలేను బాబూ. ఆవిడ లేనినాడు రాను.”

రిక్షా సందు మలుపు తిరిగేదాకా ఇద్దరిలో ఎవరూ వెనక్కి చూడలేదు. క్రేను ఎత్తినప్పుడు సందు సందంతా గుమిగూడింది. పడవ గోడ మీదుగా తేలి, ట్రైలరు మీద చప్పుడు లేకుండా కూర్చుంది. ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కింటి ముసలావిడ మాత్రం ముక్కు చీదుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. గేటుకి తాళం వేసి, చెవి ఆ ముసలావిడకే ఇచ్చాను. వాళ్లు ఆస్పత్రి నుంచి తిరిగి రాకముందే బయలుదేరాం.

ట్రైలరు దారి రైలు దారి కాదు. ధమ్‌తరీ, కాంకేర్, కేశ్కాల్ ఘాటు, జగదల్‌పూర్, కొరాపుట్, సాలూరు. దారిలో ధాబాల్లో రొట్టె, పప్పు బాగుంటాయి. ఆగిన ప్రతి చోటా జనం చుట్టూ చేరి ఇదేమిటని అడిగేవారు. సుఖ్‌రామ్ గర్వంగా “జహాజ్” అనేవాడు.

జగదల్‌పూర్‌లో ఎస్టీడీ బూత్ కనిపిస్తే ఆపించి, అప్పన్న ఇచ్చిన పక్కింటి నంబరుకి కోహ్కాకి ఫోను చేశాను. అప్పన్న వచ్చాడు.

“ఏటి బాబూ, ఏటైనా దెబ్బతిన్నాదా?”

“లేదండీ. అంతా బాగుంది” అని అరిచి చెప్పాను.

“మరి?”

ఎందుకు చేశానో నాకే తెలియదు. ఆవిడ ఎలా ఉందని అడిగాను.

“ఆస్పత్రి నుంచి వచ్చి వరండాలో అటు తిరిగి పడుకున్నాది. లెగదు. మాట్లాడదు. ఇంత పెద్ద పెరడని నాకు తెల్దు బాబూ.”

ఫోను పెట్టేశాక కూడా ఆ గొంతు చెవిలోనే ఉంది. కొరాపుట్ కొండల మీద దారి ఎంతో అందంగా ఉంటుందంటారు. నాకు ఏదీ గుర్తులేదు. భిలాయి ఎలా ఉందని ఇప్పటికీ అడుగుతారు. రోడ్లు వెడల్పు, చెట్లు ఎక్కువ, మనవాళ్లు ఆదరంగా చూస్తారు అని చెబుతాను. అందులో అబద్ధం లేదు. తాను పోయినా ఆయన మిగలాలని ఆవిడా, ఆవిడ లేకుండా మిగలకూడదని ఆయనా పట్టుబట్టిన ఇంట్లోంచి వాళ్లకున్నదంతా నేను తెచ్చేసుకున్నానని మాత్రం చెప్పలేను. తేకపోతే కోసేసేవారు. అది తెలిసీ నా మనసు కుదుటపడలేదు.

విశాఖ చేరేసరికి సాయంత్రమైంది. హార్బరు పక్కన ట్రైలరు ఆగింది. సుఖ్‌రామ్ సముద్రం చూడడం అదే మొదటిసారి. చెప్పులు విడిచి, నీళ్లదాకా పరుగెత్తి, దోసిలితో నెత్తిన చల్లుకుని, తడిసిన మొహంతో తిరిగొచ్చాడు. పడవ వైపు చూసి అడిగాడు. “బనానేవాలా కబ్ ఆయేగా, సాబ్?”

కట్టినవాడు ఎప్పుడొస్తాడని. నా కోరిక తీరిన రోజు అది. నేను ట్రైలరు క్యాబిన్‌లోంచి దిగలేదు.